మజ్లిస్‌లో జపాన్ గది

దుబాయ్‌కి అవతల, ఉమ్ అల్ క్వైన్‌లో మేం అద్దెకున్న విల్లా బాగా పాతది. సముద్రం దగ్గర కదా, ఎన్నిసార్లు రంగు వేయించినా గోడలు ఉప్పు పొక్కులొచ్చి రాలేవి. గేటు పక్కనే, ఇంటికి విడిగా, కొన్ని మెట్ల ఎత్తులో ఒక పెద్ద గది ఉండేది. అరబ్బులు వచ్చినవాళ్ళని కూర్చోబెట్టుకునే గది. మజ్లిస్ అంటారు. మా కోడలు సంజన దాన్ని జపాన్ గదిగా మార్చేసింది.

సంజనకి ఈ జపాన్ పిచ్చి కరోనా రోజుల్లో పట్టుకుంది. ఆఫీసు ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుని, ఫోన్లో చూసి ఆ భాష నేర్చేసుకుంది. తర్వాత తనే మనవాళ్ళకి పాఠాలు చెప్పడం మొదలెట్టింది. మా మనవరాలు శ్రీజని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ అక్షరాలు దిద్దిస్తుంటే నేనూ పక్కన చేరేదాన్ని. నాకు మన అక్షరాలే నడివయసు దాటాక వచ్చాయి, అందుకని ఏ అక్షరం చూసినా ముచ్చటే. అవి ఒక్కొక్కటీ పుల్లలతో కట్టిన చిన్న ఇల్లులా ఉండేవి. "ఇందులో తలుపెక్కడే?" అని అడిగితే శ్రీజ పడీ పడీ నవ్వేది.

గది కూడా నాకు మొదట్లో ఎంతో నచ్చింది. ఉన్నమాట చెప్పాలి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోటు పల్లంగా ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక మెట్టెక్కితే నేలంతా మందపాటి గడ్డిచాపలు. తతామి అంటారట. ఎండుగడ్డి వాసన గదంతా. ఒక పక్క గోడ బదులు కాగితం అంటించిన చెక్క తలుపులు, పక్కకి జరిపేవి. వాటి మీద పడిన ఎండ పాలలా తెల్లగా లోపలికి వచ్చేది. ఆ తలుపుల వెనక ఒక సన్నటి నడవా, దాని చివర చేతులు కడుక్కునే గది. అటునుంచి బయటికి దారి లేదు.

ఆ సామానంతా తెచ్చింది నూర్ మొహమ్మద్. నెల్లూరు మనిషి. జపాన్ నుంచి కంటైనర్లలో వచ్చే పాత సామాను జెబెల్ అలీ రేవులో దింపుకుని అమ్ముకుంటాడు. చాపలు మోయిస్తున్నవాణ్ణి ఊరుకోలేక అడిగాను.

"ఇది ఎవరింట్లోది బాబూ?"

"ఎవురికి తెలుసు పెద్దమ్మా. ఆడ ముసిలోళ్ళు ఒంటరిగా పోతే, ఇల్లు ఖాళీ చేయించి మొత్తం కంటైనర్‌లో ఏసేస్తారంట. చాపలు, గిన్నెలు, పక్కబట్టలు అన్నీ. మన దగ్గరికొచ్చేది అదే."

"నూర్ భాయ్, ఖలాస్, ఇంక చాలు! మా అత్తయ్యకి ఇవన్నీ చెప్తే రేపట్నించి ఈ మెట్లెక్కరు" అని సంజన నవ్వింది.

నేనూ నవ్వాను. కానీ చాపల అంచుకి కుట్టిన గుడ్డ మీద అక్కడక్కడ నలుపు తేలి ఉంది. మోకాళ్ళు ఆనిన చోట అరిగినట్టు.

గది పూర్తయిన రోజు, వెనక గోడలో గూడులాంటి చోట ఒక పూలకుండీ పెట్టి, పైన సన్నటి పటం వేలాడదీసింది సంజన. అక్కడ దేవుడు లేడు, దీపం లేదు. "ఖాళీని చూడాలి అత్తయ్యా, వస్తువుని కాదు" అంది. ఎంత చక్కటి మాటో అనుకున్నాను. కానీ కొత్తగా సర్దిన గదిలో ధూపమైనా వెయ్యకపోతే నాకు మనసొప్పలేదు. తను స్నానానికి వెళ్ళినప్పుడు, సామానులో వచ్చిన నల్లగిన్నె కడిగి, నిండా బియ్యం పోసి, రెండు అగరొత్తులు గుచ్చి ఆ గూట్లో పెట్టాను. అగరొత్తుల స్టాండు లేనప్పుడు ఎవరింట్లోనైనా మనం చేసేదే కదా.

పొగ పైకి లేవలేదు. నేల బారుగా పాకి, కాగితం తలుపుల సందులోకి పోయింది. అటువైపు ఎవరో పీల్చుకుంటున్నట్టు.

సంజన తల తుడుచుకుంటూ వచ్చి చూసింది. తువ్వాలు కింద పడేసింది.

"ఏం చేశారండీ మీరు! గిన్నెలో రెండు పుల్లలు నిలబెట్టి... అది శవం తల దగ్గర పెట్టేది! వాళ్ళకి అంతకంటే అశుభం లేదు."

"నాకేం తెలుసమ్మా? మనింట్లో ఎప్పుడూ..."

"ఇది మీ ఇల్లు కాదు."

గిన్నె తీసుకెళ్ళి బయట ఇసకలో బోర్లించింది. ఆ మాట అన్నాక తనే మొహం తిప్పుకుంది. నేను కిందపడ్డ బియ్యపు గింజలు ఏరుతూ ఉండిపోయాను.

ఆ శనివారం సాయంత్రం మొదటిసారి జనాన్ని పిలిచింది. షార్జా నుంచి కొన్ని కుటుంబాలు, ఎదుటి బిల్డింగ్ మేడమీదుండే ఫర్జానా. కడప పిల్ల, నోరు మంచిది. చెప్పులు విడుస్తూనే అందుకుంది. "చెప్పులు బయట ఇడిసేదానికి జపాన్ దాకా పోవల్నా సంజనా? మా జేజి ఊర్లో చెప్పుతో లోపలికొస్తే కాలు ఇరగ్గొడతా ఉండె."

అందరూ నవ్వారు. సంజన మాత్రం మంచి హుషారులో ఉంది. మేకు కొట్టకుండా కొయ్యలో కొయ్య దూర్చి ఇళ్ళెలా కడతారో, కాగితం తలుపు చలికాలం వెలుతురుని ఎలా దాచుకుంటుందో, కూర్చున్నచోటి నుంచి లేవకుండా మోకాళ్ళ మీద ఎలా జరుగుతారో చేసి చూపించింది. స్స్... స్స్... అని గడ్డి మీద బట్ట రాసుకునే చప్పుడు. చెబుతుంటే తన మొహం దీపంలా ఉంది. ఆ పిల్లని అప్పుడు చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది.

"ఎవరింట్లోనైనా అడుగు పెట్టేముందు 'ఒజమ షిమస్' అనాలి. మీకు అడ్డం వస్తున్నాను, మన్నించండి అని. ఇంటివాళ్ళు 'దోజో' అంటారు. రండి అని. ఏదీ, అందరూ అనండి."

అందరూ అన్నారు. నవ్వులు ఆగాయి.

అప్పుడు ఇంకొక గొంతు అంది. వెనకగా. కాగితం తలుపుల వైపు నుంచి. మెల్లిగా, ముసలి గొంతు...

"ఒజమ షిమస్."

మాలో ఎవరో ఆలస్యంగా అన్నారనుకుంది సంజన. నవ్వుతూ వంగి, "దోజో" అంది.

నేను చుట్టూ చూశాను. ముసలిదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే. నేను నోరు విప్పలేదు.

తర్వాత ఎవరో చావు గురించి అడిగారు. "గది పూర్తయిన రోజే మా అత్తయ్య దీనికి పిండం పెట్టేశారు" అని సంజన నా బియ్యం కథ చెప్పి అందరినీ నవ్వించింది. నేను కూడా నవ్వినట్టు పెదాలు సాగదీశాను. "అక్కడ పోయినవాళ్ళకి అన్నీ తిరగేసి చేస్తారు. మామూలుగా చాపలు ఇటుకలు పేర్చినట్టు పరుస్తారు, నాలుగు మూలలు ఒకచోట కలవనివ్వరు. కలిపి పరిస్తే అది చావిల్లు. శవం పక్కన తెరని తలకిందులుగా నిలబెడతారు. బట్టకి కుడి అంచు పైకి తెచ్చి చుడతారు, నడికట్టు ముడి నిలువుగా వేస్తారు. బతికున్నవాళ్ళకి ఎడమ అంచే పైన. తల ఉత్తరానికి."

"తల మాత్రం మనకీ అంతే కదమ్మా" అన్నాను.

"అవును అత్తయ్యా. ఆ ఒక్కటీ మీకు తెలుసులెండి."

మర్నాడు పొద్దున్న గది తెరిస్తే చాపలు మారి ఉన్నాయి. నాలుగు మూలలూ గదికి నడిమధ్య ఒకే చోట కలిసి, శిలువలా.

సంజన నా వైపే చూసింది. "ఎందుకండీ ఇలా చేశారు?"

"దిండు ఎత్తితేనే నడుం పట్టేస్తుంది నాకు. ఇద్దరు మగాళ్ళు మోసిన చాపలు నేనెలా తిప్పుతానే?"

"నవ్వానని కక్ష."

నూర్ మొహమ్మద్ మనుషులొచ్చి మళ్ళీ సరిగా పరిచి వెళ్ళారు. సంజన తాళం వేసి చెవి తన మెళ్ళో గొలుసుకి వేసుకుంది. కొన్నాళ్ళకి గదిలో మూలనున్న తెర తిరగబడింది. మడతల తెర అది, దాని మీద కొంగల బొమ్మలు. కొంగల కాళ్ళు ఆకాశంలోకి, తలలు నేలలోకి. సంజన ఆ వేళ నాతో మాట్లాడలేదు. మా అబ్బాయి మహీధర్ జెబెల్ అలీ నుంచి కంపెనీ బస్సు దిగి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఇక్కడ నీకు మనసు బాగోకపోతే చెప్పు, టికెట్ తీస్తాను. సంజనతో మాత్రం ఈ ఆటలొద్దు."

"ఆటలాడే వయసా నాది?"

"మరి ఎవరు చేస్తున్నారు?"

నాది పంపించేస్తారన్న దిగులు కాదు. ఆ ముందురోజే శ్రీజని ఆ గదిలో చూశాను. చిన్న నీలం జపాన్ గౌను తొడుక్కుని అమ్మ పాఠం చెబుతుండగా పక్కన నిద్రపోయింది. పడుకోబెట్టినప్పుడు ఎడమ అంచు పైనే ఉంది, నేనే సర్దాను. లేచేసరికి కుడి అంచు పైన ఉంది. నడికట్టు ముడి వీపు మధ్యలో, పసిదాని చేయి అందనిచోట, నిట్టనిలువుగా ఉంది. ఆ ముడి విప్పడానికి నా గోళ్ళు విరిగాయి.

చావింటి సరంజామా ఒక్కొక్కటే సిద్ధమవుతోంది. కుడి అంచు పైకి తెచ్చి చుట్టింది మా శ్రీజకే. నేను వెళ్ళిపోతే దాన్ని చూసేవాళ్ళెవరు?

ఆ ఏడు ఏప్రిల్‌లో దుబాయ్ అంతా మునిగిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు పిల్లలకి బడి ఇంట్లోనే. మధ్యాహ్నానికే ఆకాశం పాచి పట్టిన నీళ్ళలా అయిపోయింది. కరెంటు పోయింది. మహీధర్ ఫోన్ చేసి, రోడ్లు మునిగాయి, రాలేను, ఆఫీసులోనే ఉంటానన్నాడు. ఆ తర్వాత ఫోన్లు కూడా పలకలేదు. సాయంత్రానికి హాల్లోకి నీళ్ళొచ్చాయి. కార్పెట్లు తేలాయి. శ్రీజకి ఒళ్ళు కాలిపోతోంది. వణుకుతోంది.

"మజ్లిస్ ఎత్తుగా ఉంది. అక్కడికి పోదాం" అంది సంజన.

"వద్దమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఫర్జానా వాళ్ళ మేడ మీదికి పోదాం."

"రోడ్డు మీద నడుంలోతు నీళ్ళు. పిల్లకి జ్వరం. మీ భయాల కోసం దాన్ని ఈ వానలో తడపమంటారా? మీరు రాకపోతే ఈ నీళ్ళలోనే కూర్చోండి."

పిల్లని భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. నేను గోడ పట్టుకుని వెనకే వెళ్ళాను. మెళ్ళో తాళంచెవి తీసి తనే తలుపు తెరిచింది. తెరిచి... అక్కడే నిలబడిపోయింది.

లోపల ఎండుగడ్డి వాసన లేదు. నానిన ఉన్ని వాసన. పాత ట్రంకు పెట్టె అడుగు వాసన.

చాపల నాలుగు మూలలూ నడిమధ్య కలిసి ఉన్నాయి. తెర తలకిందులుగా ఉంది. గూట్లో నల్లగిన్నె. అందులో వండిన అన్నం, గుట్టగా. రెండు పుల్లలు నిలబెట్టి ఉన్నాయి. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది. పొయ్యి లేని గదిలో, కరెంటు లేని ఇంట్లో.

మధ్యలో పక్క వేసి ఉంది. తెల్లటి పక్క. చిన్నది. పిల్లలది. దిండు ఉత్తరానికి.

అన్నీ ఉన్నాయి. పడుకునేవాళ్ళే లేరు.

సంజన చేయి నా చేతిని వెతుక్కుంది.

"అత్తయ్యా... మీరు కాదు కదా?"

"కాదమ్మా."

"ఇన్నాళ్ళూ... మీరు కాదు కదా?"

నేను జవాబు చెప్పేలోపు నడవాలో చప్పుడైంది. స్స్... స్స్... మోకాళ్ళ మీద ఎవరో జరుగుతున్నారు. కాగితం మీద నీడ పడింది. తలుపులో కింది సగం దాకానే ఉంది. కూర్చున్న మనిషి నీడ. తలుపు బెత్తెడు జరిగింది. ఆగింది. మర్యాద తెలిసినవాళ్ళు అలాగే తెరుస్తారని సంజన చెప్పేది. ఆ సందులోకి ఒక చేయి వచ్చింది. తెల్లగా, నానినట్టు, వేళ్ళన్నీ దగ్గరగా పెట్టి... చాప మీద ఆనింది.

"ఒజమ షిమస్."

సంజన వెనక్కి గుమ్మం వైపు అడుగేసింది. మా వెనక తలుపు దానంతటదే మూసుకుంది. లాగింది. గుద్దింది. రాలేదు. భుజం మీద శ్రీజ మూలిగి, "అమ్మా, నిద్రొస్తోంది, అక్కడ పడుకుంటా" అంది. ఆ తెల్లటి పక్క వైపు చేయి చాపింది.

పడుకున్నదో, పిల్ల మనకి దక్కదు. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంత సరంజామా చేసినవాళ్ళు ఖాళీ పక్క తీసుకుని పోరు. నేను వెళ్ళి ఆ పక్క మీద పడుకున్నాను. ఉత్తరానికి తల పెట్టి. పక్క చిన్నది, నా కాళ్ళు మోకాళ్ళ దాకా బయటే ఉన్నాయి. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

గుమ్మం తలుపు గడియ తనంతట తానే ఊడిన చప్పుడు వినపడింది.

"అత్తయ్యా! లేవండి! ఏం చేస్తున్నారు?"

"తలుపు తెరుచుకుంది చూడు. పిల్లని తీసుకుని పో."

"మిమ్మల్ని వదిలి..."

"యల్లా! పోవే!"

జీవితంలో కోడల్ని నేను అలా కసిరింది అదొక్కసారే. తను ఏడుస్తూ వెళ్ళిపోయింది. మెట్ల మీద అడుగులు, నీళ్ళు చిమ్మిన చప్పుడు... తర్వాత వానే.

స్స్... స్స్...

కళ్ళు మూసుకున్నాను. నా నెత్తి దగ్గర ఆగింది. నానిన ఉన్ని వాసన ముక్కు దాకా వచ్చింది. ఒక వేలు నా నుదుటి మీంచి పాదాల దాకా గాల్లోనే కొలిచింది. ముట్టుకోలేదు. అయినా ఆ వేలు ఎక్కడుందో నాకు తెలుస్తూనే ఉంది. మోకాళ్ళ దగ్గర ఆగింది. పక్క దాటిపోయిన నా కాళ్ళ దగ్గర... పళ్ళ సందుల్లోంచి ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు. కోపంగా. కుదరని వస్తువు తెచ్చినవాణ్ణి చూసినట్టు.

నా పెదాలకి తడి తగిలింది. మనం తులసి తీర్థం పోసినట్టే. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి.

మొహం మీద తెల్లగుడ్డ పడింది. నేను ఊపిరి తీస్తే గుడ్డ కదులుతోంది. కదిలినప్పుడల్లా ఆ పళ్ళ చప్పుడు. ఊపిరి బిగబట్టాను. ఎంతసేపో... గుడ్డ కదలకుండా ఉన్నప్పుడు పక్కనే ఏదో లేచింది. ఈసారి మోకాళ్ళ చప్పుడు కాదు. అడుగులు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని, టప్... టప్... మెట్లు దిగింది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ.

ఎడమ కాలు ఈడ్చి నడిచేది మా ఇంట్లో నేనే.

తర్వాత నాకు ఏమీ గుర్తులేదు. తెల్లవారుజామున మసీదులో సుబహ్ అజాన్ వినిపించి లేచాను. వాన ఆగింది. చాపలు మామూలుగా ఇటుకల్లా పరిచి ఉన్నాయి. పక్క లేదు, గిన్నె లేదు. గుమ్మంలో నా చెప్పులు లేవు. నీళ్ళకి కొట్టుకుపోయి ఉంటాయనుకున్నాను. సంజన నా కోసం ఎవరినీ ఎందుకు పంపలేదా అనుకుంటూ వట్టికాళ్ళతో పిక్కల్లోతు నీళ్ళలో ఎదుటి బిల్డింగ్‌కి నడిచాను. పిల్ల ఎలా ఉందో, అదొక్కటే నా గుండెలో.

ఫర్జానా గుమ్మం ముందు నా చెప్పులున్నాయి. పొడిగా.

బెల్లు కొట్టాను. ఫర్జానా తలుపు తీసి నోరు తెరుచుకుని చూసింది.

"ఏంది పెద్దమ్మా, ఎప్పుడు కిందికి దిగితిరి? ఇప్పుడే కదా లోపల మీకు చాయ్ ఇచ్చి వస్తాండా!"

సంజన సోఫాలో పడి నిద్రపోతోంది. "రాత్రి ఆయమ్మి ఏడ్సుకుంటా వచ్చె. దాని వెనకాలే మీరు వస్తిరి. ఇంగ పాపను ఎవురికీ ఇయ్యకుండా రాత్రంతా మీరే పట్టుకోని కూర్చుంటిరి కదా..." అంటూ ఫర్జానా నా తడి పాదాల వైపు చూసి, మాట మింగేసింది.

లోపలి గదిలోంచి శ్రీజ నవ్వు. "ఇంకా చెప్పు నానమ్మా" అంటోంది.

నేను పరిగెత్తాను. తలుపు తోసేసరికి మంచం మీద పిల్ల ఒక్కతే ఉంది. జ్వరం లేదు. పక్కన చాయ్ గ్లాసు ఖాళీగా ఉంది. పట్టుకుంటే ఇంకా చురుక్కుమంది. ఆ గదికి మరో తలుపు లేదు. కిటికీకి ఇనప గ్రిల్లు.

నూర్ మొహమ్మద్ ఆ సామానంతా తీసుకుపోయాడు. మేం షార్జాలో ఫ్లాట్‌కి మారిపోయాం. సంజన ఇప్పుడు పాఠాలు చెప్పడం లేదు. నన్ను చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటుంది. శ్రీజ బాగానే ఉంది, బడికి వెళ్తోంది, అన్నం తింటోంది.

మొన్న తల దువ్వుతుంటే అడిగింది.

"నానమ్మా, వాన రోజు చెప్పిన కథ సగంలో ఆపేశావుగా. మిగతాది ఎప్పుడు?"

నా చేతిలో దువ్వెన ఆగింది. "ఎక్కడిదాకా చెప్పానే?"

"ఆ అమ్మాయి ముస్తాబై, పక్క వేసుకుని కూర్చుందన్నావు. నాకు ఎనిమిదేళ్ళు నిండిన రోజు వచ్చి మిగతాది చెబుతానన్నావు. అమ్మతో అనొద్దన్నావు."

ఆ కథ నాకు తెలియదు. వచ్చే శుక్రవారం దానికి ఎనిమిదేళ్ళు నిండుతాయి.